కాలువ ప్రయాణం మధ్యలో చుక్కాని మొరాయిస్తే, కరెంటు పోతే

ఇంగ్లండ్ కాలువల మీద నేరోబోటు అద్దెకు తీసుకుని సెలవుల్లో కుటుంబంతో తిరిగే తెలుగువారికీ, సొంత పడవ కొనుక్కుని దాని బాగోగులు తామే చూసుకునేవారికీ పనికివస్తుందని ఈ వివరాలు రాస్తున్నాను. నేరోబోటు దాదాపు ఏడడుగుల వెడల్పు, డెబ్బై అడుగుల దాకా పొడవు ఉండే ఇనుప పడవ. గంటకు 4 మైళ్ల వేగం మించకూడదన్నది కాలువల నిబంధన. గోదావరి డెల్టాలో పెరిగినవారికి ఇందులో చాలా సంగతులు కొత్తగా అనిపించవు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాలం నుంచి మనం వాడుతున్న ‘లాకు’ అన్న మాట అక్కడా అదే అర్థంలో వినిపిస్తుంది, పడవను ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే పద్ధతి కూడా అదే.

ఇన్నేళ్ల ప్రయాణాల్లో నాకు అర్థమైనది ఏమిటంటే, పడవలో లోపం బయటపడే చోటు ఒకటి, అది పుట్టే చోటు ఇంకొకటి. చుక్కాని పిడి బిగుసుకుపోతే కారణం తరచుగా ప్రొపెల్లరు దగ్గర ఉంటుంది. లైట్లు మసకబారితే కారణం చాలాసార్లు బ్యాటరీ మీది ఒక వదులైన బిగింపు అవుతుంది. అందువల్ల ఏది ముందు చూడాలి, ఏది తరువాత చూడాలి అన్న వరుస తెలిసి ఉండటం చేతిలో ఎన్ని పనిముట్లు ఉన్నాయన్న దానికంటే ముఖ్యం. అద్దె పడవ అయితే మాత్రం ఏదైనా విప్పే ముందు అద్దెకిచ్చినవారికి ఫోన్ చేయండి. ప్రొపెల్లరు శుభ్రం చేసుకోవడం మీ పనే, ఇంజన్ మీద చేయి వేయడం వారి పని.

ముందు పడవను కట్టాలి

లోపం తెలియగానే వేగం తగ్గించి, గట్టుకు దగ్గరగా చేరి, పడవ నడుమ కట్టి ఉంచే తాడును పట్టుకుని ఒకరు గట్టు మీదికి అడుగు వేసి దిగాలి. ఎప్పుడూ దూకకూడదు. చాలాచోట్ల కాలువ నడుములోతే ఉంటుంది, ప్రవాహం ఉండీ లేనట్టుగా ఉంటుంది కాబట్టి తొందరపడాల్సిన అవసరం లేదు. పడవ కప్పు మీద ఉండే పొడవాటి గడతో గట్టును మెల్లగా నెట్టుకుంటూ కూడా చేరవచ్చు. లాకు లోపల ఉండగా లోపం వస్తే మరమ్మతుకు అక్కడే కూర్చోవద్దు. పడవను చేత్తో తాడు పట్టి బయటికి లాగి, ఖాళీగా ఉన్న చోట కట్టాక చూసుకోవచ్చు. ట్రెంట్ వంటి నది మీద అయితే పరిస్థితి వేరు. అక్కడ నీటి ఒరవడి పడవను ఆనకట్ట వైపు లాగేస్తుంది కనుక, గొలుసు కట్టిన లంగరు ముందు కొసన సిద్ధంగా ఉండాలి, ఇంజన్ ఆగిన మరుక్షణమే దాన్ని నీటిలో వదలాలి.

చుక్కాని

నేరోబోటు నడిపేవారు మొదట అర్థం చేసుకోవలసిన సంగతి, ప్రొపెల్లరు వెనక్కి తోసే నీరు చుక్కాని పలకకు తగిలితేనే పడవ తిరుగుతుందన్నది. గేరు న్యూట్రల్‌లో ఉంటే పడవ తన ఊపున పోతూనే ఉంటుంది గాని పిడి మాట దాదాపు వినదు, రివర్స్‌లో అసలే వినదు. అలాగే లోతు తక్కువైన చోట వేగం పెంచితే పడవ వెనుక భాగం నేలకు మరింత దిగి, తిరగనని మొండికేస్తుంది. కాబట్టి చుక్కాని చెడిందని తేల్చే ముందు వేగం తగ్గించి, పిడిని ఒక పక్కకు తిప్పి పట్టుకుని, ముందుకు గేరులో ఒక్క క్షణం ఇంజన్ పెంచి చూడండి. పడవ తిరిగితే చుక్కానిలో లోపం లేదు.

తిరగకపోతే చేతికి తగిలే తీరును బట్టి కారణం వెతకాలి. పిడి ఒకటే పనిగా వణుకుతూ, ఇంజన్ రొద బరువెక్కి, పొగ నల్లబడి, పడవ నెమ్మదిస్తే ప్రొపెల్లరుకు ఏదో చుట్టుకుందని అర్థం. పిడి తేలికగా అటూ ఇటూ తిరుగుతూ పడవకు ఏమీ పట్టనట్టుంటే, పిడికీ చుక్కాని ఇరుసుకూ మధ్య ఉండే వంపు తిరిగిన ఇనుప మెడ వదులైందని అర్థం. పిడి ఒక పక్కకు బిగుసుకుని, ఎప్పటికన్నా కొంచెం ఎత్తుగా కనిపిస్తే చుక్కాని కింది కొస తన గుంటలోంచి లేచిపోయి ఉండవచ్చు.

బ్లిజ్‌వర్త్ సొరంగం దాటి ఉత్తరంగా పోతున్నప్పుడు ఒకసారి మా పడవ ఇలాగే మొరాయించింది. నేను చుక్కాని మీదే అనుమానపడి, అరగంట సేపు మెడ బిగింపులు విప్పి బిగించాను. తీరా ప్రొపెల్లరు పైన ఉండే మూత, అంటే వీడ్ హ్యాచ్, తెరిచి చూస్తే ప్రొపెల్లరు ఇరుసు చుట్టూ నీలం రంగు నైలాను తాడు, దాని లోపల టార్పాలిన్ ముక్క, ఆ రెంటినీ కుట్టినట్టుగా సన్నని ఇనుప తీగ. నైలాను వేడికి కరిగి గాజుముద్దలా గట్టిపడింది. అప్పటి నుంచి ఏ లోపమైనా సరే, ముందు వీడ్ హ్యాచ్ చూడనిదే స్పానరు పట్టను.

వీడ్ హ్యాచ్ అంటే పడవ వెనుక భాగంలో, ప్రొపెల్లరుకు సరిగ్గా పైన ఉండే ఇనుప పెట్టె మూత. దాన్ని తాకే ముందు ఇంజన్ ఆపి, తాళం చెవి తీసి, పని చేసేవారే తమ జేబులో వేసుకోవాలి. తాళం ప్యానెల్‌కే వదిలేసి ఎవరూ తిప్పరులే అనుకోవడం చేతులు పోగొట్టుకునే పని. గేరు న్యూట్రల్‌లో ఉంచి, మోచేతుల దాకా వచ్చే చేతితొడుగులు వేసుకుని, బిగింపు మర విప్పి మూత తీస్తే నీరు కనిపిస్తుంది. తడిమి చూసి, చుట్టుకున్నది ఏ దిశగా తిరిగిందో గుర్తించి, ఇరుసును చేత్తో ఎదురు దిశకు తిప్పుతూ కొద్దికొద్దిగా కోయాలి. తాడుకూ గుడ్డకూ రంపపు పళ్లున్న రొట్టెకత్తి బాగా పనిచేస్తుంది, తీగకు కటింగ్ ప్లయర్, కరిగిన నైలానుకు యాక్సా బ్లేడు కావాలి. తీసినదాన్ని మళ్లీ కాలువలో వేయకండి, మీ వెనుక వచ్చే పడవకు అదే చుట్టుకుంటుంది. కాలువ నీటిలో ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ సోకే ప్రమాదం ఉంది కనుక చేతి మీద గాట్లుంటే ముందే కప్పుకుని, పని అయ్యాక సబ్బుతో బాగా కడుక్కోవాలి.

ఇక్కడ ఒక్క విషయం మరీ మరీ చెప్పాలి. మూతను తిరిగి పెట్టేటప్పుడు దాని రబ్బరు పట్టీ మీద చెత్త లేకుండా తుడిచి, సరిగ్గా కూర్చోబెట్టి, మర గట్టిగా బిగించాలి. తరువాత ఇంజన్ నడిపి, గేరు వేసి, నీరు ఊరుతుందేమో టార్చి వేసి ఒక నిమిషం చూడాలి. మూత వదులుగా ఉంటే ప్రొపెల్లరు తోసిన నీరు ఇంజన్ గదిలోకి చిమ్ముతుంది, వెనుక భాగం బరువెక్కిన కొద్దీ నీరు ఇంకా వేగంగా చేరి పడవ మునిగిపోతుంది. ఇలా మునిగిన పడవలు ఉన్నాయి.

మెడ వదులైన సందర్భంలో దాని బిగింపు బోల్టును చుక్కాని నిటారుగా ఉన్నప్పుడే, అంటే పిడి పడవ నడిమి గీతకు సూటిగా ఉన్నప్పుడే, బిగించాలి. బోల్టు విరిగి, ఇరుసు మీద పైపు రెంచి పట్టే చోటు ఉంటే, రెంచిని గట్టిగా బిగించి దాన్నే తాత్కాలికంగా పిడిగా వాడుకుని దగ్గరి మరమ్మతు యార్డు దాకా నడిపించుకోవచ్చు. పిడి కడ్డీని మెడకు పట్టి ఉంచే చిన్న పిన్ను నీటిలో పడిపోతే అదే మందం ఉన్న బోల్టునో, స్క్రూడ్రైవరునో దూర్చండి. అది లేకుండా నడిపితే మలుపులో గట్టిగా లాగినప్పుడు కడ్డీ ఊడి చేతికి వస్తుంది, మనిషి వెనక్కి నీటిలో, తిరుగుతున్న ప్రొపెల్లరు పక్కనే పడతాడు.

చుక్కాని కింది కొస ఒక చిన్న ఇనుప గిన్నెలో కూర్చుని తిరుగుతుంది. రివర్స్‌లో గట్టుకు గుద్దుకున్నప్పుడు, లేదా లాకు దిగేటప్పుడు వెనుక గేటు దగ్గర ఉండే రాతి గడపకు తగిలినప్పుడు అది గిన్నెలోంచి పైకి లేస్తుంది. తిరిగి కూర్చోబెట్టడానికి ఇద్దరు కావాలి. ఇంజన్ ఆపి, తాళం చెవి జేబులో ఉంచుకున్నాక, ఒకరు మెడను నిట్టనిలువుగా ఎత్తి పట్టుకుని నెమ్మదిగా అటూ ఇటూ ఆడిస్తుండగా, రెండోవారు పడవ వెనుక నుంచి గట్టి గడనో, ఇనుప గొట్టాన్నో పలక కిందికి పెట్టి నడుమకు నెట్టాలి. కొస గిన్నెలో పడినప్పుడు ఎత్తి పట్టినవారి చేతికి ఆ దెబ్బ స్పష్టంగా తెలుస్తుంది. పలకకూ పడవ అడుగుకూ మధ్య చేయి పెట్టకండి, దీనికోసం నీటిలో దిగకండి. ఇరుసే వంగిపోయి ఉంటే దారిలో చేయగలిగింది లేదు, పడవను నీటిలోంచి పైకి తీయాల్సిందే.

అటువంటప్పుడు గట్టు మీద నుంచి తాడుతో లాగవచ్చు, పూర్వం గుర్రాలు ఈ పడవలను అలాగే లాగేవి. గ్రాండ్ యూనియన్ వంటి వెడల్పు కాలువ మీద, లాకులు 14 అడుగులు ఉన్న చోట, ఇంకో పడవతో పక్కపక్కన గట్టిగా కట్టించుకుని పోవచ్చు. ఏడడుగుల లాకులున్న కాలువల మీద జంటగా లాకులోకి పోవడం కుదరదు కనుక, లాకు దగ్గర విడదీసి ఒక్కొక్క పడవను చేత్తో లాగాలి.

కరెంటు

పడవలో సాధారణంగా రెండు బ్యాటరీ వర్గాలుంటాయి. ఒకటి ఇంజన్ స్టార్ట్ చేయడానికి, రెండోది లైట్లు, నీటి పంపు, ఫ్రిజ్ వంటి ఇంటి అవసరాలకు. రెండూ 12 వోల్టులవే. వోల్టేజీ తక్కువే అయినా బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు వందల ఆంపియర్లు కాబట్టి, పనిలోకి దిగే ముందు ఉంగరాలు, గాజులు, మెడలోని గొలుసులు తీసి పక్కన పెట్టాలి. బంగారు గాజు ఒక కొసన పాజిటివ్‌కూ, ఇంకో కొసన ఇనుముకూ తగిలితే క్షణంలో ఎర్రగా కాలి చర్మానికి అంటుకుంటుంది. స్పానరు పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి. గట్టు నుంచి 230 వోల్టుల తీగ కలిపి ఉంటే దాన్ని ముందే తీసేయాలి, ఇన్వర్టరు పెట్టె తెరవనే తెరవకూడదు.

తాళం తిప్పితే ఏ చప్పుడూ లేకపోతే, మొదట బ్యాటరీని మిగతా తీగల నుంచి విడదీసే ఐసొలేటరు స్విచ్ ఆన్‌లో ఉందో లేదో, గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూడండి. తరువాత ప్యానెల్ నుంచి ఇంజన్‌కు పోయే తీగల కట్టలో ఉండే ప్లగ్గును చూడండి. చెమ్మకు దాని పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. విడదీసి, శుభ్రం చేసి కలిపితే చాలాసార్లు పని పూర్తవుతుంది. ‘టక్’ అన్న ఒక్క చప్పుడు మాత్రమే వస్తే మల్టీమీటరు తీయాలి. సీసపు బ్యాటరీ కొంతసేపు విశ్రాంతిగా ఉన్న తరువాత 12.7 వోల్టుల దగ్గరుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గరుంటే సగం, 12 కంటే దిగితే దాదాపు అయిపోయినట్టు. ఇంకొకరు తాళం తిప్పుతుండగా బ్యాటరీ మీద వోల్టేజీ బాగా పడిపోతే లోపం బ్యాటరీది. పడిపోకుండా 12 దగ్గరే నిలిచి, ఇంజన్ మాత్రం తిరగకపోతే లోపం తీగల్లోనో, స్టార్టరు మోటారులోనో ఉంది. అప్పుడు మీటరు ఒక కొసను బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజన్ ఇనుము మీద పెట్టి మళ్లీ తాళం తిప్పించండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్తు తీగ బిగింపు చెడినట్టే. విప్పి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వాజలీను పూయండి.

బ్యాటరీయే ఖాళీ అయితే ఇంటి బ్యాటరీల నుంచి జంప్ తీగలతో సాయం తీసుకోవచ్చు. పాజిటివ్‌ను పాజిటివ్‌కు కలిపాక, ఇంటి బ్యాటరీ నెగటివ్ నుంచి వచ్చే తీగ చివరి కొసను బ్యాటరీకి దూరంగా ఇంజన్ ఇనుముకు తగిలించాలి. బ్యాటరీ చుట్టూ హైడ్రోజన్ వాయువు చేరి ఉండవచ్చు, నిప్పురవ్వ అక్కడ లేవకూడదు. ఇంజన్ అందుకున్నాక, పెట్టిన వరుసకు సరిగ్గా వెనకనుంచి తీయాలి.

ఇంజన్ నడుస్తుండగా చార్జింగు లైటు వెలిగితే, లేదా ఇంజన్ వేగం చూపే ముల్లు సున్నాకు పడిపోతే, ఆల్టర్నేటరు పని ఆపిందని అర్థం. చాలా ఇంజన్లలో ఆ ముల్లు ఆల్టర్నేటరు నుంచే సంకేతం తీసుకుంటుంది. ఇంజన్ ఆపి బెల్టు చూడండి. పొడవైన భాగం మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు 12 మిల్లీమీటర్లు దిగాలి. అంతకంటే వదులుగా ఉంటే ఆల్టర్నేటరు బోల్టులు కొంచెం వదిలి, దానికీ ఇంజన్‌కూ మధ్య చెక్క పెట్టి బయటికి ఎడంచేసి బిగించాలి. కొన్ని ఇంజన్లలో అదే బెల్టు ఇంజన్‌ను చల్లబరిచే నీటి పంపునూ తిప్పుతుంది, అక్కడ తెగిన బెల్టుతో ఒక్క నిమిషం కూడా నడపకూడదు. తాళం తిప్పగానే చార్జింగు లైటు అసలు వెలగకపోవడం కూడా లోపమే. ఆ చిన్న బల్బు గుండా పోయే కరెంటే చాలా ఆల్టర్నేటర్లను మేల్కొలుపుతుంది, కనుక బల్బు మాడితే చార్జింగు మొదలుకాదు. ఇంజన్ నడుస్తున్నప్పుడు మాత్రం ఐసొలేటరు స్విచ్ తిప్పవద్దు, ఆల్టర్నేటరు డయోడ్లు కాలిపోతాయి.

చార్జింగు లేకపోయినా బెల్టు మంచిగా ఉంటే కంగారు లేదు. ఎలక్ట్రానిక్ నియంత్రణ లేని పాత డీజిల్ ఇంజన్ ఒకసారి నడవడం మొదలైతే బ్యాటరీతో పెద్దగా పని లేకుండా నడుస్తుంది. ఫ్రిజ్ ముందుగా ఆపి, తరువాత మిగతా వాడకాలు తగ్గించి, యార్డు చేరేదాకా ఇంజన్ ఆపకుండా సాగిపోవచ్చు.

ఒక్క లైటు మాత్రమే వెలగకపోతే ఫ్యూజు చూసి, పోయి ఉంటే అంతే ఆంపియర్లది వేయండి. పెద్దది వేస్తే ఫ్యూజుకు బదులు తీగ కాలుతుంది. సొరంగం లైటు ముందు కొసన ఉంటుంది కాబట్టి దాని తీగ పడవ పొడవునా పోతుంది. లైటు తీసి చూస్తే 12 వోల్టులు చూపి, తగిలించగానే 9కి పడిపోతే దారిలో ఎక్కడో అతుకు చెడిందని గుర్తు. బ్లిజ్‌వర్త్ సొరంగం పొడవు సుమారు 2,800 మీటర్లు, లోపల నడిచే గట్టు లేదు. అందుకే లైటూ హారనూ సొరంగం నోటి దగ్గరే పరీక్షించి, పనిచేయకపోతే బయటే కట్టేయాలి.

మరమ్మతు అయ్యాక ఇంజన్ నడుపుతూ బ్యాటరీ మీద మీటరు పెడితే 14 నుంచి 14.4 వోల్టుల మధ్య కనిపించాలి. బ్యాటరీ నిండటానికి ఇంజన్‌ను కట్టేసిన చోటే నడపాల్సి వస్తే కిటికీలు, కార్బన్ మోనాక్సైడ్ అలారం ముందుగా చూసుకోండి. కాలువల నిర్వహణ చూసే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ నిబంధన ప్రకారం రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా అలా నడపకూడదు. ఏదీ కుదరక సాయానికి ఫోన్ చేయవలసి వస్తే, దగ్గరి వంతెన మీద చిన్న పలకపై ఉండే అంకెను కాలువ పేరుతో కలిపి చెప్పండి. వచ్చేవారు మిమ్మల్ని ఆ అంకెను బట్టే వెతుక్కుంటూ వస్తారు.