ఓహెచ్ కనబడగానే ఆల్కహాల్ అని రాసేయకండి

మా శ్రీకాకుళంలో సాయంత్రం పూట ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తుంటాను, ప్రతి బ్యాచ్‌లోనూ ఇదే గొడవ, అణువు బొమ్మలో ఓహెచ్ (ఆక్సిజన్‌కి హైడ్రోజన్ అతుక్కున్న జత) ఉంటే చాలు ఆల్కహాల్ అని రాసి పేజీ తిప్పేస్తారు. ఓహెచ్ ఒక్కటే చూస్తే ఏటి తెలుస్తాది, అది ఎవరిని పట్టుకుని ఉందో చూడాలి గాని.

ఓహెచ్ మీద వేలు పెట్టి ఒక్క గీత వెనక్కి జరపండి, కార్బన్ తగులుతాది. దానికి డబుల్ బాండ్‌తో ఇంకో ఆక్సిజన్ ఉంటే కార్బాక్సిలిక్ ఆసిడ్. ఆ కార్బన్ బెంజీన్ రింగ్‌లోదే, అంటే ఆరు కార్బన్ల చక్రంలోదే అయితే ఫినాల్. రెండూ కాక చుట్టూ అన్నీ సింగిల్ బాండ్లే అయితే అప్పుడు ఆల్కహాల్, కల్లులో ఇథనాల్ లాగ. రింగ్‌కీ ఓహెచ్‌కీ మధ్యలో సీహెచ్2 దూరిందా, అది బెంజైల్ ఆల్కహాల్, ఫినాల్ కాదు, సగం మంది ఇక్కడే పడిపోతారు. సోడియం హైడ్రాక్సైడ్‌లోది అయాన్, అంటే కార్బన్‌ని పట్టుకోకుండా చార్జితో ఉన్న ముక్క, దాన్ని ఈ లెక్కలోకి లాగొద్దు.

ప్రాక్టీస్‌కి నేనిచ్చేది మన పలాస జీడిపిక్కే. పిక్క కొట్టేవాళ్ల చేతులు నల్లబడి పొక్కుతాయి కదా, ఆ తొక్క నూనెలో అనకార్డిక్ ఆసిడ్ ఉంటాది, బొమ్మ గీస్తే ఓహెచ్‌లు రెండు, ఒకటి రింగ్‌ని పట్టుకున్న ఫినాల్ ఓహెచ్, రెండోది పక్కనే ఉన్న కార్బాక్సిల్‌ది, ఇంకా 15 కార్బన్ల పొడుగు తోకొకటి. గట్టిగా వేడి చేస్తే కార్బన్ డైఆక్సైడ్ పోయి కార్డనాల్ మిగులుతాది, ఇప్పుడు ఓహెచ్ ఎన్ని? ఒకటే, ఫినాల్‌ది. ఇది చెప్పగలిగితే మీకు వచ్చేసినట్టే.

ల్యాబ్‌లో అయితే ముందు సోడియం బైకార్బొనేట్ వెయ్యండి, బుస్సుమని పొంగితే ఆసిడ్, మామూలు ఫినాల్ పొంగదు. తర్వాత న్యూట్రల్ ఫెర్రిక్ క్లోరైడ్ రెండు చుక్కలు, ఊదా రంగు తిరిగితే ఫినాల్. ఫినాల్ చేతి మీద పడితే చర్మం తెల్లగా కాలిపోతాది, జాగ్రత్త.

రెండూ రాకపోతే ఆల్కహాల్ అనుకుని, అది ఏ రకమో చూడ్డానికి ల్యూకాస్ టెస్ట్, అంటే జింక్ క్లోరైడ్ కలిపిన గాఢ హైడ్రోక్లోరిక్ ఆసిడ్. ఓహెచ్ ఉన్న కార్బన్‌కి ఇంకో మూడు కార్బన్లు తగిలుంటే టెర్షరీ, రెండైతే సెకండరీ, ఒకటైతే ప్రైమరీ. టెర్షరీ అయితే వెంటనే మసకబారుతాది, సెకండరీకి ఓ ఐదు నిమిషాలు ఆగాలి, ప్రైమరీ వేడి చెయ్యకుండా గదిలో ఉంచితే కదలదు. బెంజైల్ ఆల్కహాల్ మాత్రం ప్రైమరీ అయ్యుండి కూడా టక్కున మసకైపోతాది, ఆ కార్బన్ మీద వచ్చే ప్లస్ చార్జిని రింగ్ పంచుకుంటాది కాబట్టి.

ట్యూబ్ పొడిగా ఉండాలండోయ్. నా డిగ్రీ ప్రాక్టికల్స్‌లో అప్పుడే కడిగిన ట్యూబ్ తీసుకుని సెకండరీ బ్యుటనాల్ పోసి పావుగంట చూశాను, నీళ్లకి రీజెంట్ పల్చబడిపోయి ఏటీ రాలేదు, ప్రైమరీ అని రాసి ఇచ్చేసాను, మార్కులు పోయాయి.