చలికాలపు ఫ్యాట్ బైక్ రేసు: ఎక్కడ ఏది మొరాయిస్తుంది, ఎందుకు, ఏం చేయాలి

ఫ్యాట్ బైక్ మీద, అంటే బాగా వెడల్పాటి టైర్లున్న సైకిల్ మీద, మంచులో వందల మైళ్లు సాగే రేసుకి పేరిచ్చినవాళ్లు ముందుగా అడిగేది ఏ బైక్ కొనాలని. బైక్ సంగతి తర్వాత చూద్దాం. అలాస్కాలో జరిగే ఐడిటరాడ్ ట్రయల్ ఇన్విటేషనల్ మెక్‌గ్రాత్ దాకా 350 మైళ్లు, ఇంకా సత్తా ఉన్నవాళ్లకి నోమ్ దాకా 1000 మైళ్లు. మినెసోటాలో జరిగే యారోహెడ్ 135 పేరుకు తగ్గట్టే 135 మైళ్లు, గడువు 60 గంటలు. ఇలాంటి చోట ఏదైనా పాడైతే వెనకాల వ్యాన్ రాదు. రిపేరు చేసుకోవాల్సింది మీరే, అదీ మైనస్ 25లో, చీకట్లో, కొంకర్లు పోయిన వేళ్లతో. అందుకే ప్రతి సమస్యా మొదట ఎలా కనిపిస్తుందో అక్కణ్ణించి మొదలుపెట్టి రాస్తున్నాను. చిన్న తేడా కనిపించగానే ఆగితే ఐదు నిమిషాల్లో అయ్యే పని, ఇంకో అరగంట చూద్దాంలే అనుకుంటే చేతులతో అసలు చేయలేని పని అయిపోతుంది.

చక్రం దిగబడిపోతోంది, లేదా హ్యాండిల్ దానంతటదే పక్కకి లాగుతోంది

రెండూ గాలి సమస్యలే. టైరులో గాలి ఎక్కువగా ఉంటే మంచు పైపొరను కోసుకుంటూ కిందికి దిగుతుంది, మరీ తక్కువైతే టైరు పక్కలు నలిగి వంపుల దగ్గర బైక్ మీ మాట వినదు. గట్టిగా అణిగిన దారి మీద 6 నుంచి 8 పీఎస్‌ఐ, మెత్తటి మంచులో 2 నుంచి 4, ఇంకా పొడిమంచు అయితే అంతకన్నా తక్కువ కూడా నడుస్తుంది. మీ బరువు, సామాను బరువు, టైరు వెడల్పుని బట్టి ఈ లెక్క అటూ ఇటూ అవుతుంది.

చాలామందికి తట్టని సంగతి ఇంకోటుంది. వెచ్చటి గదిలో, 20 డిగ్రీల దగ్గర, 5 పీఎస్‌ఐ కొట్టి బైక్‌ని మైనస్ 25లోకి తీసుకెళ్తే టైరులో మిగిలేది దాదాపు 2 పీఎస్‌ఐ. ఎక్కడా లీకు లేదు, చలికి గాలి కుంచించుకుపోయిందంతే. స్టార్టింగ్ లైన్ దగ్గర ఇది చూసి పంక్చరేమోనని టెన్షన్ పడి టైరు విప్పేవాళ్లు ఉంటారు. గాలి సరిచూసుకోవాల్సింది బయట, బైక్ ఒక గంటైనా చలిలో నిలబడ్డాక. మామూలు పంపు మీద ఉండే మీటరు ఇంత తక్కువ గాలిని సరిగ్గా చూపించదు, 15 పీఎస్‌ఐ దాకా మాత్రమే చూపించే చిన్న గేజ్ వేరే కొనుక్కోండి.

దారిలో గేజ్ తీసే ఓపిక ఉండదు కాబట్టి కళ్లతో చదవడం నేర్చుకోవాలి. కాస్త దూరం తొక్కి, దిగి, వెనక్కి తిరిగి మీ చక్రం జాడ చూడండి. టైరు గళ్లు అచ్చు గుద్దినట్టు వెడల్పుగా, పైపైనే పడి ఉంటే గాలి సరిపోయింది. జాడ సన్నగా, లోతుగా గాడిలా ఉండి అంచులు విరిగి పడుతుంటే గాలి తీయాలి. తర్వాత బైక్ మీద కూర్చుని వెనక టైరు పక్కగోడ చూడండి. రిమ్ము దగ్గర సన్నటి ముడతలు పడుతుంటే మెత్తటి మంచుకి అది మంచి స్థితి, గట్టి దారి మీదికి రాగానే మళ్లీ గాలి కొట్టాలి. మళ్లీ పంపు కొట్టాల్సి వస్తుందని గాలి తీయకుండా మైళ్లకొద్దీ బైక్‌ని తోసుకుంటూ పోవడం కన్నా దండగ పని ఈ రేసుల్లో ఇంకోటి లేదు.

చిన్న పంపు లోపలి రబ్బరు రింగు చలికి బిగుసుకుని గాలి పట్టదు. పంపుని ఫ్రేమ్‌కి కట్టకుండా జాకెట్ లోపల పెట్టుకోండి. ట్యూబ్‌లెస్ టైర్లయితే లోపలి సీలెంట్ (చిన్న రంధ్రాలని మూసే ద్రవం) గడ్డకట్టే రకమో కాదో ముందే తేల్చుకోవాలి. కొంచెం చిన్న సీసాలో పోసి ఒక రాత్రి చలిలో ఉంచితే తెలిసిపోతుంది.

పెడల్ తిరుగుతోంది, చక్రం తిరగడం లేదు

ఇది రేసుని ముగించగల సమస్య, కాకపోతే ముందుగా హెచ్చరించి మరీ వస్తుంది. దిగువకి జారి మళ్లీ తొక్కడం మొదలుపెట్టినప్పుడు పెడల్ ఒక క్షణం ఖాళీగా తిరిగి తర్వాత పట్టుకుంటుంది. ఫ్రీహబ్ (తొక్కినప్పుడు చక్రాన్ని పట్టుకుని, ఆపినప్పుడు వదిలేసే వెనక చక్రం నడిమి భాగం) టకటక శబ్దం కూడా మందగిస్తుంది. లోపల స్ప్రింగుల మీద లేచి పళ్లని పట్టుకోవాల్సిన చిన్న కొక్కేలు, చిక్కబడిన గ్రీజులో ఇరుక్కుపోతున్నాయి, లేదా లోపలికి చేరిన తడి గడ్డకట్టింది.

అసలు పరిష్కారం ఇంట్లోనే చేయాలి. ఫ్రీహబ్ విప్పి ఫ్యాక్టరీ గ్రీజంతా శుభ్రంగా తుడిచేసి, బాగా తక్కువ ఉష్ణోగ్రతల్లో పనిచేసే పల్చటి ఆయిల్ కొద్దిగా వేయాలి. చక్రాల బేరింగులు, పెడల్ బేరింగుల సంగతి కూడా అప్పుడే చూసుకోండి. ఆ తర్వాత బైక్‌ని రాత్రంతా బయట వదిలేసి పొద్దున్నే, వెచ్చబడకముందే తొక్కి చూడాలి.

దారిలో వస్తే, చేతులు వేడెక్కించుకునే రసాయన ప్యాకెట్లని హబ్ చుట్టూ కట్టి గుడ్డ చుట్టండి, పెడల్‌ని వెనక్కి ముందుకి ఆడించండి. దానికీ లొంగకపోతే జిప్ టైలతో వెనక క్యాసెట్‌ని (గేర్ల పళ్లచక్రాల గుత్తి) స్పోక్స్‌కి నాలుగైదు చోట్ల బిగించి కట్టేయడమే. అప్పుడు చక్రం, గేర్లు ఒకటై తిరుగుతాయి. ఇక తొక్కడం ఆపకూడదు, ఆపితే చైన్ వదులై పైకి ముద్దకట్టి, గేర్లు మార్చే డెరేలర్‌ని లాగేస్తుంది. దిగువ దారుల్లో దిగి నడవండి. చలికి చవక ప్లాస్టిక్ జిప్ టైలు పుటుక్కున విరుగుతాయి, మందమైనవి డజనుకి తక్కువ కాకుండా లోపలి జేబులో ఉంచుకోండి.

ఇంకొక్క మాట. చెక్‌పాయింట్ దగ్గర వెచ్చటి గదిలోకి మీరు వెళ్లండి, బైక్‌ని బయటే ఉంచండి. లోపలికి తెస్తే దాని మీది మంచు కరిగి, ఆ నీళ్లు హబ్‌లోకీ కేబుళ్లలోకీ చేరి, బయటికి రాగానే గడ్డకడతాయి.

బ్రేక్ లివర్ బరువెక్కింది, గేర్లు పడటం లేదు

మినరల్ ఆయిల్‌తో నడిచే బ్రేకులు బాగా చలిలో చిక్కబడి నెమ్మదిస్తాయి, రబ్బరు సీళ్లు బిగుసుకుని లీకవుతాయి. కేబుల్‌తో నడిచే డిస్క్ బ్రేకులే నా ఓటు, దారిలో బాగుచేసుకోవచ్చు. గేర్లు పడకపోతే చాలావరకు కేబుల్ తొడుగులో చేరిన నీళ్లే కారణం. ఒక చివర నుంచి ఇంకో చివర దాకా ముక్కలు లేని తొడుగు వేయించుకోండి. ఫోర్కులో సస్పెన్షన్ వద్దు, గాలి సీళ్లు ఆ చలికి తట్టుకోవు.

మంచు బూడిద రంగులో, తడిగా కనిపిస్తోంది

అక్కడే ఆగండి. నది మీదో సరస్సు మీదో గడ్డకట్టిన పొరపైకి అడుగు నుంచి నీళ్లు ఎక్కి, పైన కొత్త మంచు కప్పేస్తుంది. దీన్ని ఓవర్‌ఫ్లో అంటారు. మైనస్ 30లో కూడా ఇది ఉంటుంది, ఎందుకంటే మంచు బరువుకి గడ్డ కిందికి వంగి పగుళ్లలోంచి నీరు పైకొస్తుంది, పైన ఉన్న మంచు దాన్ని వెంటనే గడ్డకట్టనివ్వదు. అడుగు వేయకముందే మోకాళ్ల దాకా వచ్చే వాటర్‌ప్రూఫ్ తొడుగులు బూట్ల మీద వేసుకోండి. అవి సంచి అడుగున ఉంటే ఉన్నా లేనట్టే, చేతికందే చోట కట్టుకోవాలి. కాలు తడిస్తే వెంటనే పొడిమంచులో బూటు పొర్లించండి, పొడిమంచు నీటిని పీల్చేస్తుంది, తర్వాత దులపండి. బైక్ తడిస్తే దాటాక నిలబడొద్దు. నేల మీద ఎగరేసి దులిపి, తొక్కుతూ గేర్లన్నీ మారుస్తూ ఉండండి. నిలబెట్టి ఫొటో తీసుకునేలోపే చైన్ బిగుసుకుపోతుంది.

చేతులు చల్లబడిపోతున్నాయి, ఎన్ని గ్లవ్స్ వేసినా లాభం లేదు

గ్లవ్స్ మీదికి తప్పు తోసే ముందు ఒంటి సంగతి చూడండి. నడుము పైభాగం చల్లబడినా, కడుపు ఖాళీగా ఉన్నా శరీరం ముందు వేళ్లకి రక్తం తగ్గించేస్తుంది. కాబట్టి మొదట ఏదైనా తినాలి, జాకెట్ జిప్ పైకి లాగాలి, చేతుల్ని భుజం నుంచి గుండ్రంగా గట్టిగా తిప్పాలి. హ్యాండిల్‌కి తొడిగే పోగీలు (చేతులు దూర్చుకునే మందపాటి సంచులు) ఉంటే లోపల పల్చటి ఉన్ని గ్లవ్స్ చాలు, మందపాటివి వేస్తే చెమట పట్టి అదే చలి తెస్తుంది. బ్రేక్ లివర్ లోహం కాబట్టి దాని మీద వేలు ఊరికే ఆనించి ఉంచొద్దు.

కాళ్లయితే దిగి పది నిమిషాలు బైక్‌ని తోస్తూ నడవడమే మందు. అది ఓటమేమీ కాదు, ఈ రేసుల్లో నడక మామూలే. బూటు బిగుతుగా ఉంటే రక్తం ఆడదు, రెండు సైజులు పెద్దది తీసుకోండి. లోహపు పెడల్ పాదంలోని వేడిని లాగేస్తుంది, వెడల్పాటి ప్లాస్టిక్ పెడల్స్ మేలు. పల్చటి సాక్స్, దానిపైన ప్లాస్టిక్ సంచి, పైన మందపాటి ఉన్ని సాక్స్. చూడ్డానికి ఎలా ఉన్నా పాదం చెమట మందపాటి సాక్స్‌ని తడపకుండా ఆపుతుంది.

ఎక్కేటప్పుడు ఉడుకు, పైకి చేరగానే వణుకు

చెమట. ఈ రేసుల్లో మిగతా కష్టాల్లో చాలావాటికి మూలం ఇదే. ఓసారి జాకెట్ జిప్ తీసి లోపలి వైపు చూడండి. వీపు దగ్గర, భుజాల దగ్గర తెల్లగా నూగులా మంచు పేరుకుని ఉందంటే గంట కిందటి చెమట అక్కడ గడ్డకట్టి కూర్చుంది. దాన్ని అప్పుడే దులిపేయాలి, కరిగి బట్టలోకి ఇంకితే ఆరదు. ఎక్కుడు మొదలవకముందే ఒక పొర విప్పండి, మొదలయ్యాక కాదు. అప్పటికీ చెమట పడితే వేగం తగ్గించండి. బయల్దేరేటప్పుడు కాస్త చలి వేస్తుండాలి, అప్పుడే పదిహేను నిమిషాలకి సరిగ్గా ఉంటుంది. ఒంటికి తగిలే పొర ఉన్నిదో సింథటిక్‌దో అయి ఉండాలి, నూలు బనీను మాత్రం ఇంట్లోనే వదిలేయండి. దిగువకి జారే ముందు మాత్రం అన్నీ మూసేయాలి, మైనస్ 20లో గంటకి 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ముఖానికి తగిలేది దాదాపు మైనస్ 30 చలి.

నీళ్లు గడ్డకట్టాయి, తిండి రాయిలా ఉంది, స్టవ్ వెలగట్లేదు

గడ్డ పైనుంచి మొదలవుతుంది కాబట్టి వెడల్పు మూతి ఉన్న థర్మోస్ బాటిల్‌ని తలకిందులుగా పెట్టండి. వీపు సంచి గొట్టంతో తాగేవాళ్లు సంచిని జాకెట్ లోపల వేసుకుని, తాగిన ప్రతిసారీ గొట్టంలోకి గాలి ఊది నీళ్లని వెనక్కి పంపాలి.

తిండిని రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టి పొద్దున్నే కొరికి చూడండి. పళ్లు దిగనిదేదీ తీసుకెళ్లొద్దు. నట్స్, వెన్న, చాక్లెట్ లాంటి కొవ్వు ఎక్కువున్నవి మంచివి, ముందే చిన్న ముక్కలుగా కోసి పోగీల్లో, లోపలి జేబుల్లో పోసుకోవాలి. గంటకి 200 నుంచి 300 క్యాలరీలు, ఆకలి వేసినా వేయకపోయినా. యారోహెడ్ నిబంధనల ప్రకారం గమ్యం చేరేటప్పటికి కూడా 3000 క్యాలరీల తిండి మీ దగ్గర మిగిలి ఉండాలి. అది ఊరికే మోసే బరువని విసుక్కోకండి, ఎక్కడో ఇరుక్కుపోతే మీ ఒంటిని వెచ్చగా ఉంచేది అదే.

స్టవ్ విషయంలో గ్యాస్ డబ్బాని నమ్మొద్దు. బ్యూటేన్ సున్నా దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, ఐసోబ్యూటేన్ మైనస్ 12 దగ్గర. వైట్ గ్యాస్ (పెట్రోల్ లాంటి ద్రవ ఇంధనం) పోసి పంపు కొట్టే స్టవ్ కావాలి, కింద పెట్టుకోడానికి చిన్న పలక కూడా, లేకపోతే వేడికి మంచు కరిగి స్టవ్ ఒరిగిపోతుంది. మంచు కరిగించేటప్పుడు గిన్నెలో ముందు కొంచెం నీళ్లు పోయండి, వట్టి మంచు వేస్తే గిన్నె మాడుతుంది. మైనస్ 30లో వైట్ గ్యాస్ చేతి మీద ఒలికితే చర్మం అక్కడికక్కడే గడ్డకట్టగలదు, గ్లవ్స్ తీయకుండా పోయడం ఇంటి దగ్గరే అలవాటు చేసుకోండి.

లైటు మసకబారింది, ఫోన్ ఆగిపోయింది

హెడ్‌ల్యాంప్‌లో ఆల్కలైన్ సెల్స్ తీసేసి, రీచార్జ్ కాని లిథియం సెల్స్ వేయండి, అవి మైనస్ 40 దాకా పనిచేస్తాయి. ఫోన్, పవర్ బ్యాంక్ ఒంటికి దగ్గరగా ఉండాలి. బాగా చల్లబడిన ఫోన్‌ని ఛార్జింగ్ పెట్టొద్దు, సున్నా కింద ఛార్జ్ చేస్తే లిథియం అయాన్ బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది.

స్లీపింగ్ బ్యాగ్ మంచిదే, అయినా నిద్ర పట్టనంత చలి

కింద నుంచి వస్తోంది. మీ బరువుకి బ్యాగ్ అడుగు భాగం అణిగిపోయి వేడిని ఆపలేదు, ఆ పని చేసేది చాప. ఫోమ్ చాప మీద గాలి చాప వేస్తే రెండింటి గుణం కలుస్తుంది. చోటు కూడా ముఖ్యమే. చల్లగాలి బరువుగా ఉండి నది లోయల్లోకి దిగి నిలుస్తుంది, గట్టు మీదికి కాస్త ఎక్కి పడుకుంటే కొన్ని డిగ్రీల తేడా తెలుస్తుంది. ముఖం బ్యాగ్ లోపల పెట్టి ఊపిరి వదలొద్దు, ఆ తడంతా ఈకల్లో చేరి రెండో రాత్రికి బ్యాగ్ సగం పనికిరాదు. పడుకునే ముందు పొడి సాక్స్ మార్చి, కొవ్వున్నది ఏదైనా తినండి.

మాట తడబడుతోంది, జిప్ పట్టు దొరకడం లేదు, ఏదీ పట్టించుకోబుద్ధి కావడం లేదు

ఇది హైపోథెర్మియా, అంటే ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోవడం, మొదలు. ఇందులో ప్రమాదమేమిటంటే దాన్ని గుర్తించాల్సిన బుర్రే ముందు మందగిస్తుంది. అందుకే తూలడం, గొణగడం, చేతిలోవి జారవిడవడం, ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనిపించినా ఆలోచించకుండా చేసే పని ముందే నిర్ణయించుకోండి: ఆగు, పెద్ద జాకెట్ వేసుకో, తీపి తిను, బ్యాగ్‌లో దూరు. పక్కన ఇంకో రైడర్ తూలుతూ కనిపిస్తే బాగున్నావా అని అడగొద్దు, బాగానే ఉన్నానంటారు. వంద నుంచి ఏడు ఏడు తగ్గిస్తూ లెక్కపెట్టమనండి.

ముక్కు, బుగ్గలు తెల్లగా మైనంలా మారితే వట్టి అరచేతితో కప్పి వెచ్చబెట్టండి, రుద్దొద్దు, మంచుతో అసలే రుద్దొద్దు. పాదం నిజంగా గడ్డకట్టిందని తెలిస్తే, ఇంకా నడవాల్సి ఉండి మళ్లీ గడ్డకట్టే అవకాశం ఉంటే దారిలో కరిగించకండి. ఒకసారి కరిగి మళ్లీ గడ్డకడితే దెబ్బ చాలా ఎక్కువవుతుంది. అలాంటప్పుడు శాటిలైట్ పరికరం మీది ఎస్ఓఎస్ నొక్కేయడమే, చివరి చెక్‌పాయింట్ ఎంత దగ్గరున్నా సరే. ఆ బటన్ మూత మందపాటి గ్లవ్స్‌తో తెరుచుకుంటుందో లేదో బయల్దేరే ముందే చూసుకోండి.