తెలిసిన క్రియే కదా అనిపిస్తే అక్కడే ఆగండి

నేను స్పానిష్, ఫ్రెంచ్ పత్రాలను ఇంగ్లీషులోకి అనువదిస్తాను. పనిలో చేరిన కొత్తలో ఒక బాకీ గురించిన స్పానిష్ ఉత్తరం చేతికొచ్చింది. అందులో 'ప్రెతెండే పగార్' అని ఉంది. బాకీ కట్టే ఉద్దేశంతో ఉన్నాడని దానర్థం. నాకు ఇంగ్లీషు 'ప్రిటెండ్' తట్టింది. కడుతున్నట్టు నటిస్తున్నాడని రాసేశాను. అప్పు తీరుస్తానన్న మనిషి నా వాక్యంలో మోసగాడయ్యాడు. పంపే ముందు తోటి అనువాదకురాలు చూసి ఆపింది కాబట్టి సరిపోయింది. ఇదే క్రియ ఫ్రెంచిలో 'ప్రెతాంద్ర్'. అక్కడ దానికి 'ఇది నిజమని చెప్పుకోవడం' అని అర్థం.

హిందీ 'ఉపన్యాస్' అంటే నవల, మన ఉపన్యాసం అంటే ప్రసంగం. ఇలాంటి మాటలకు 1928లో ఇద్దరు ఫ్రెంచి రచయితలు 'ఫోజామీ', అంటే దొంగ స్నేహితులు, అని పేరు పెట్టారు.

నామవాచకాలతో నాకు పెద్దగా భయం లేదు. 'బుర్రో' స్పానిష్‌లో గాడిద, ఇటాలియన్‌లో వెన్న. పొరబడితే వాక్యమే పట్టిస్తుంది, రొట్టె మీద గాడిదను ఎవరూ రాయరు. క్రియలు అలా దొరకవు. అర్థం తప్పినా వాక్యం చక్కగానే నడుస్తుంది. స్పానిష్ 'కొంతెస్తార్' అంటే జవాబివ్వడం, ఫ్రెంచి 'కోంతెస్తే' అంటే అభ్యంతరం చెప్పడం. ఉత్తరానికి జవాబిచ్చినా, అభ్యంతరం చెప్పినా వాక్యం సబబుగానే ఉంటుంది కదా! 'సలీర్' స్పానిష్‌లో బయటికి వెళ్లడం, ఫ్రెంచిలో మురికి చేయడం, ఇటాలియన్ 'సలీరె' పైకి ఎక్కడం.

అందుకే నేను ముందు పత్రమంతా ఒకసారి చదివి, నిఘంటువు చూడకుండానే అర్థమైన క్రియలన్నిటి కింద గీత గీస్తాను. అర్థం కానివాటిని ఎలాగూ వెతుకుతాం, దెబ్బ తీసేవి ఇవే. వాటిని ఆ భాషలోనే అర్థాలిచ్చే నిఘంటువులో చూస్తాను: స్పానిష్‌కు రాయల్ అకాడెమీది, ఫ్రెంచికి రొబేర్, జర్మన్‌కు దూడెన్. రెండు భాషల నిఘంటువులోనైతే మనకు నచ్చిన మాట కనబడగానే ఆగిపోతాం.

తర్వాత క్రియ పక్కన ఏముందో చూడండి. ఫ్రెంచి 'అసిస్తే' తర్వాత 'ఆ' అనే చిన్న మాట వచ్చి, దాని వెంట సమావేశం ఉంటే, హాజరవడం. ఆ మాట లేకుండా నేరుగా మనిషి వస్తే, సాయం చేయడం.

జర్మన్ 'ఉమ్ఫారెన్' మరీ ప్రమాదం. 'ఉమ్' మీద ఒత్తి పలికితే వాహనంతో గుద్ది పడేయడం, 'ఫార్' మీద ఒత్తితే తప్పించుకుని చుట్టి వెళ్లడం. కాగితం మీద ఒత్తు కనబడదు. వాక్యంలో 'ఉమ్' విడిపోయి చివరికి వెళ్లిందంటే గుద్దడమే. విడిపోకుండా ఉంటే ముందూ వెనకా చదివి తేల్చుకోవాలి.

ఇదంతా చాదస్తం కాదు. 1980లో అమెరికాలోని ఫ్లోరిడాలో 18 ఏళ్ల కుర్రాడిని ఆస్పత్రికి తెచ్చిన కుటుంబం స్పానిష్‌లో 'ఇంతొక్సికాదో' అంది. తిన్నదేదో పడలేదని వాళ్ల ఉద్దేశం. వైద్యులకు ఇంగ్లీషు 'ఇంటాక్సికేటెడ్' తట్టి, మత్తుమందులు ఎక్కువైనట్టు అర్థమైంది. నిజానికి అతనికి మెదడులో రక్తస్రావమవుతోంది. కాళ్లూ చేతులూ పడిపోయాయి. ఆ ఒక్క మాట దగ్గర ఎవరైనా ఆగి 'అంటే ఏమైంది?' అని అడిగి ఉంటే అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

కొన్ని క్రియలు సొంత భాషలోనే రెండు వైపులా తిరుగుతాయి. ఫ్రెంచి 'లూయే' అంటే అద్దెకివ్వడమూ, అద్దెకు తీసుకోవడమూ. 'పోల్‌కి ఇచ్చారు', 'పోల్ దగ్గర తీసుకున్నారు' అనే రెంటికీ ఒకే వాక్యం సరిపోతుంది. ఒప్పందంలో ఇంకోచోట 'బాయర్' అని ఎవరిని రాశారో వెతకండి, ఇంటి యజమాని ఆయనే. అదీ దొరకకపోతే ఊహించి రాయొద్దు, పత్రం పంపినవాళ్లనే అడగండి. 'ఈ వాక్యం స్పష్టంగా లేదు' అంటే జవాబూ అలాగే వస్తుంది. 'ఇల్లు ఇస్తున్నది ఎవరు, తీసుకుంటున్నది ఎవరు?' అని అడిగితే వాళ్లు రెండు పేర్లు రాసి పంపుతారు.