ఆర్కెస్ట్రా రికార్డులకు కార్ట్రిడ్జ్ ఎలా ఎంచుకోవాలి?

సింఫనీ ఎల్పీ పెడతాం, మొదటి పది నిమిషాలు హాయిగా సాగుతుంది, తీరా బాకాలు, వయొలిన్లు, డ్రమ్ములు అన్నీ ఒక్కసారి లేచే చోటికి వచ్చేసరికి శబ్దం గరగరలాడుతుంది. చాలామంది రికార్డు అరిగిపోయిందనుకుంటారు. ముందు ముల్లును అనుమానించండి. గాడిలో నడిచే ఈ ముల్లు కార్ట్రిడ్జ్ కింద ఉంటుంది, దాని కదలికను విద్యుత్ సంకేతంగా మార్చేది ఆ కార్ట్రిడ్జే.

రికార్డు తిరిగే వేగం మారదు, నిమిషానికి 33⅓ చుట్లే. కానీ బయటి అంచున ముల్లు కింద సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్ల గాడి జరిగితే, లేబుల్ దగ్గర 21 సెంటీమీటర్లే జరుగుతుంది. అంటే అంతే సంగీతం అక్కడ సగం కంటే తక్కువ పొడవులో ఇమడాలి. రవెల్ 'బొలెరో' చూడండి, చిన్న డ్రమ్ము మెల్లగా మొదలుపెడితే పావుగంట పాటు పెరుగుతూనే ఉంటుంది, అసలు హోరంతా ఆఖర్న, గాడి మలుపులు బాగా ఇరుకైన చోటే వస్తుంది.

కాబట్టి మొదట ముల్లు కొన ఆకారం చూడండి. గుండ్రటి కొన అంత సన్నటి మలుపుల్లోకి దిగలేదు, ఎలిప్టికల్ (కోలగా ఉండే కొన) కొంత నయం, ఇంకా సన్నగా చెక్కిన మైక్రోలైన్ గానీ షిబాటా గానీ అయితే గాడి గోడను సన్నగా, నిలువుగా పట్టుకుంటాయి. ఆడియో-టెక్నికా వీఎం95 సిరీస్ నాకు నచ్చేది ఇందుకే: ఇప్పుడు ఎలిప్టికల్‌తో మొదలుపెట్టి, డబ్బు సమకూరాక అదే కార్ట్రిడ్జ్‌కి మైక్రోలీనియర్ (మైక్రోలైన్ లాంటిదే) ముల్లు మార్చుకోవచ్చు.

తర్వాత మూవింగ్ మాగ్నెటా (ముల్లుతో పాటు అయస్కాంతం కదిలేది), మూవింగ్ కాయిలా (తీగచుట్ట కదిలేది)? మాగ్నెట్ రకం 3 నుంచి 5 మిల్లీవోల్టులు ఇస్తుంది, దాన్ని 40 డెసిబెల్స్ పెంచే ఫోనో స్టేజ్ (కార్ట్రిడ్జ్ సంకేతాన్ని పెంచే యాంప్లిఫయర్) చాలు. తక్కువ అవుట్‌పుట్ కాయిల్ రకం ఇచ్చేది 0.3 చుట్టుపక్కల, దానికి 60 డెసిబెల్స్ కావాలి, ఆ ఫోనో స్టేజ్ మంచిది కాకపోతే ఒక్క ఫ్లూట్ వినిపించే చోట కూడా 'స్స్' అనే చప్పుడే ముందు వినిపిస్తుంది. బడ్జెట్ తక్కువైతే మంచి కొన ఉన్న మాగ్నెట్ రకమే తీసుకోండి.

బిగించేటప్పుడు కార్ట్రిడ్జ్ తిన్నగా ఉందో లేదో ప్రొట్రాక్టర్ (గీతలున్న కొలత పలక) మీద రెండు చుక్కల దగ్గరా సరిచూడండి, ముల్లు రికార్డు మీద మోపే బరువు చిన్న డిజిటల్ కాటాతో తూచండి. వీఎం95కి 2 గ్రాములు. తేలిగ్గా పెడితే రికార్డు పదిలంగా ఉంటుందనుకోవద్దు, ముల్లు ఎగిరి పడుతూ గాడిని ఇంకా పాడు చేస్తుంది.

అన్నీ అయ్యాక రికార్డు మొదటి నుంచి కాకుండా చివరి మూడు నిమిషాలే పెట్టి వినండి. గరగర కుడి స్పీకర్‌లోనే వస్తుంటే యాంటీ-స్కేటింగ్ (ముల్లు లోపలికి లాగబడకుండా ఆపే సర్దుబాటు) కాస్త పెంచి, అదే చోటు మళ్లీ వినండి.