ఒకే ఉబుంటులో పోస్ట్‌గ్రెస్ 14, 17 పక్కపక్కనే

పాత అప్లికేషన్ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ 14వ వెర్షన్ మీద నడుస్తోంది, దాన్ని కదపకుండా 17లో పరీక్షించాలి. ఉబుంటు, డెబియన్‌లలో ఈ పనికి డాకర్ (ప్రోగ్రాంలను విడివిడిగా వేరుచేసి నడిపే సాధనం) అక్కర్లేదు. వాటి ప్యాకేజీలే వెర్షన్లు కలిసి ఉండేలా తయారయ్యాయి. కింది వివరాలు ఉబుంటు 22.04వి, దాంతో వచ్చేది 14. కమాండ్లను పలికే తీరులో రాశాం, టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టాలి ('సి.యూటీఎఫ్-8' అనే లొకేల్ పేరు మాత్రం పెద్దక్షరాల్లో).

17 ఉబుంటు సొంత రిపాజిటరీలో (ప్యాకేజీలు దిగే చోటు) దొరకదు. పోస్ట్‌గ్రెస్ వాళ్ల రిపాజిటరీని జోడించే స్క్రిప్ట్ 'పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-కామన్' ప్యాకేజీలోనే ఉంటుంది:

సుడో /యూఎస్ఆర్/షేర్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-కామన్/పీజీడీజీ/ఆప్ట్.పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.ఆర్గ్.ఎస్‌హెచ్

తర్వాత:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-17

చివర ఆ అంకె మరవద్దు. ఉత్త 'పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్' అని కొడితే ఆ రోజుకి ఏది కొత్తదైతే అది దిగుతుంది. పోస్ట్‌గిస్ (మ్యాపుల డేటా కోసం) లాంటి ఎక్స్‌టెన్షన్లు, అంటే అదనపు భాగాలు, వాడుతుంటే వాటినీ 17కి విడిగా ఇన్‌స్టాల్ చేయాలి; 14కి వేసినవి 17కి పనికిరావు.

ఒక వెర్షన్ సర్వర్‌ని, దాని డేటాని కలిపి ఇక్కడ క్లస్టర్ అంటారు, 'మెయిన్' దాని పేరు. ఇప్పుడు పీజీ_ఎల్ఎస్‌క్లస్టర్స్ కొట్టండి. రెండు వరుసలు రావాలి: 14 మెయిన్ 5432, 17 మెయిన్ 5433, రెండూ ఆన్‌లైన్. 5432 ఖాళీగా లేదు కాబట్టి ఇన్‌స్టాలర్ తనే తర్వాతి పోర్టు తీసుకుంది. డేటా /వార్/లిబ్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ కింద, సెట్టింగులు /ఈటీసీ/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ కింద, వెర్షన్ అంకె పేరుతో వేర్వేరు ఫోల్డర్లలో ఉంటాయి. ఒకదాన్నే ఆపాలంటే సుడో పీజీ_సీటీఎల్‌క్లస్టర్ 17 మెయిన్ స్టాప్.

చాలామంది తికమకపడేది కనెక్ట్ అయ్యేటప్పుడే. సర్వర్‌కి కనెక్ట్ అయి కమాండ్లు కొట్టే ప్రోగ్రాం పీఎస్‌క్యూఎల్ ఎప్పుడూ తన కొత్త వెర్షన్‌తోనే తెరుచుకుంటుంది. కాబట్టి '--వెర్షన్' అడిగితే 17 అంటుంది గానీ, పోర్టు చెప్పకపోతే కనెక్ట్ అయ్యేది 5432లోని 14కి. మొదటి వరుసలో 17 పక్కన 'సర్వర్ 14' అని కనిపిస్తే అదే జరిగిందన్నమాట. టేబుల్ డ్రాప్ చేసే ముందు ఆ వరుస చదవడం, 'షో పోర్ట్;' కొట్టి చూడడం రెండు సెకన్ల పని.

సుడో -యూ పోస్ట్‌గ్రెస్ పీఎస్‌క్యూఎల్ -పి 5433

ఇది 17కి దారి. అప్లికేషన్ సెట్టింగుల్లోనూ 5433 స్పష్టంగా రాయాలి.

డేటా తేకముందే ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) చూసుకోండి. సిస్టం భాషను చెప్పే లాంగ్ వేరియబుల్ సెట్ కాని సర్వర్‌లో ఇన్‌స్టాల్ చేస్తే కొత్త క్లస్టర్ ఎస్‌క్యూఎల్_ఆస్కీతో పుడుతుంది. ఏ ఎర్రరూ రాదు, తెలుగు కూడా బాగానే కనిపిస్తుంది. కానీ 'సెలెక్ట్ లెంగ్త్' ఫంక్షన్‌కి 'తెలుగు' ఇచ్చి చూడండి: యూటీఎఫ్-8 అయితే 6, ఆస్కీ అయితే 18. తెలుగులో అక్షరం, గుణింతపు గుర్తు వేర్వేరు కోడ్‌లు, ఒక్కో కోడ్‌కి మూడు బైట్లు. ఆస్కీ క్లస్టర్ బైట్లు లెక్కపెడుతోంది. 18 వస్తే, ఇంకా ఖాళీయే కాబట్టి తీసేసి మళ్లీ సృష్టించడం మేలు:

సుడో పీజీ_డ్రాప్‌క్లస్టర్ --స్టాప్ 17 మెయిన్
సుడో పీజీ_క్రియేట్‌క్లస్టర్ 17 మెయిన్ --లొకేల్=సి.యూటీఎఫ్-8 --స్టార్ట్

డ్రాప్ కమాండ్‌లో 17 బదులు 14 పడితే అసలు డేటా పోతుంది. ఎంటర్ నొక్కే ముందు అంకె చూడండి.

14లో కష్టపడి సరిచేసుకున్న కాన్ఫ్ (సెట్టింగుల) ఫైలును 17 ఫోల్డర్‌లోకి కాపీ చేయాలనిపిస్తుంది. చేయకండి. అందులో డేటా ఫోల్డర్ దారి, పోర్టు, హెచ్‌బీఏ ఫైలు (ఎవరు కనెక్ట్ కావచ్చో చెప్పేది) దారి అన్నీ 14వే. పైగా 'స్టాట్స్_టెంప్_డైరెక్టరీ' అనే సెట్టింగును 15లోనే తీసేశారు. అది ఉంటే 17 స్టార్టే కాదు. కావలసిన సెట్టింగులు ఒక్కొక్కటిగా రాసుకోండి. మెమరీకీ లెక్క ఉంది: డేటాను ర్యామ్‌లో ఉంచుకోవడానికి ఇచ్చే చోటు, షేర్డ్_బఫర్స్, మామూలుగా 128 ఎంబీ, అలా ఉంటే ఇబ్బంది లేదు. 14కి ర్యామ్‌లో పావు వంతు ఇచ్చి ఉంటే, 17కీ అంతే ఇవ్వడానికి చోటుందో లేదో చూసుకోవాలి.

డేటా తేవడానికి డంప్ ప్రోగ్రాం (డేటాబేస్‌ను ఫైలుగా రాసేది) 17ది వాడాలి. కొత్త పీజీ_డంప్ పాత సర్వర్‌ని చదవగలదు. పాతది కొత్త సర్వర్‌ని చూస్తే వెర్షన్ కుదరలేదని ఆగిపోతుంది. ఏది నడుస్తుందో అనుమానం లేకుండా /యూఎస్ఆర్/లిబ్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్/17/బిన్/ అని పూర్తి దారి ఇచ్చి, -పి 5432తో నడపండి. యూజర్లు, పాస్‌వర్డ్‌లు పీజీ_డంప్‌లో రావు. వాటికి ముందుగా పీజీ_డంపాల్‌ను --గ్లోబల్స్-ఓన్లీతో నడిపి, ఆ ఫైలును 5433లోకి ఎక్కించాలి. 'పోస్ట్‌గ్రెస్ రోల్ (యూజర్) ఇప్పటికే ఉంది' అనే ఎర్రర్ వస్తే పట్టించుకోనక్కర్లేదు.

పరీక్షలో ఎదురయ్యే మరో తేడా: 15 నుంచి పబ్లిక్ స్కీమాలో (డేటాబేస్‌లో టేబుళ్లు మామూలుగా చేరే విభాగం) టేబుల్ సృష్టించే హక్కు అందరికీ లేదు. డంప్ నుంచి వచ్చిన డేటాబేస్‌లో పాత అనుమతులే కొనసాగుతాయి, 17లో కొత్తగా సృష్టించిన దాంట్లో మాత్రం మైగ్రేషన్ (అప్లికేషన్ టేబుళ్లు సృష్టించే స్క్రిప్ట్) 'పర్మిషన్ డినైడ్' అంటూ ఆగుతుంది. డేటాబేస్‌ను అప్లికేషన్ వాడే యూజర్ యజమానిగా సృష్టిస్తే సరిపోతుంది.

17 రోజూ అవసరం లేకపోతే, దాని సెట్టింగుల ఫోల్డర్‌లోని స్టార్ట్.కాన్ఫ్‌లో 'ఆటో' తీసి 'మాన్యువల్' రాయండి. బూట్ అయినప్పుడు లేవదు. 14కి 2026 నవంబర్‌తో మద్దతు ముగుస్తుంది. అప్పుడు దాన్ని తీసేయడానికి ఆప్ట్ రిమూవ్ వాడితే ప్రోగ్రాం మాత్రమే పోతుంది, డేటా ఫోల్డర్ అలాగే ఉంటుంది. డేటా కూడా పోవాలనుకున్నప్పుడే పీజీ_డ్రాప్‌క్లస్టర్ 14 మెయిన్.