వానాకాలానికి స్మోకర్‌ను సిద్ధం చేయడం – మూడవ పాఠం: కడగడం, ఆరబెట్టడం, నూనె పట్టించడం

గత పాఠంలో స్మోకర్‌లోని, అంటే ఆహారాన్ని పొగతో నెమ్మదిగా వండే ఇనుప పొయ్యిలోని, బూడిదను ఎత్తివేసి, జాలీలనూ జిడ్డు పళ్ళేన్నీ తోమి పక్కన పెట్టాము. బూడిద ఇంకా మిగిలి ఉంటే ఈ పాఠం మొదలుపెట్టవద్దు. అది గాలిలోని తేమను పీల్చుకుని, బొగ్గు మండే పెట్టె అయిన ఫైర్‌బాక్స్ అడుగున తడి ముద్దగా పేరుకుని, రేకును లోలోపలే తినివేస్తుంది.

చలిదేశాలవారు స్మోకర్‌ను మంచు కురిసే నెలల్లో మూసిపెడతారు. విశాఖపట్నంలో మనం మూసిపెట్టేది జూన్‌లో నైరుతి రుతుపవనాలు వచ్చినప్పటి నుంచి అక్టోబరు, నవంబరు తుఫానులు దాటేదాకా. ఇక్కడ వానకంటే ఉప్పుగాలితోనే చిక్కు ఎక్కువ. పెదవాల్తేరు, లాసన్స్ బే వైపు ఇళ్ళ కిటికీ ఊచలను చూసినవారికి ఆ సంగతి విడిగా చెప్పనక్కరలేదు. ముసురు రోజుల్లో వంటింటి ఉప్పు డబ్బా చెమ్మగిల్లడం అందరూ ఎరిగినదే. గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం దాటితే ఉప్పు తేమను లాక్కుని కరుగుతుంది. సముద్రపు గాలి స్మోకర్ మీద వదిలివెళ్ళిన, కంటికి ఆనని ఉప్పుపొడి కూడా అలాగే కరిగి, చినుకు పడని రోజున సైతం ఇనుము మీద పలుచని ఉప్పునీటి పొరను నిలిపి ఉంచుతుంది. ఆ పొర మీదనే నూనె రాస్తే ఉప్పును లోపల పెట్టి తాళం వేసినట్లే.

కనుక ముందు కడగాలి, తరువాతే నూనె. స్మోకర్ చల్లగా ఉన్నప్పుడు, బయటి భాగాన్ని మంచినీటితో, కొద్దిపాటి సబ్బుతో తుడిచి, మూత కీళ్ళు, చక్రాల ఇరుసులు, ఫైర్‌బాక్స్ అతుకుల వద్ద నీరు బాగా పారేలా కడగండి. స్టెయిన్‌లెస్ స్టీలు భాగాలకు ఇనుప తీగ బ్రష్ తగలనీయకండి. దాని నుంచి రాలిన ఇనుప రజను అంటుకుని, తుప్పు పట్టని లోహం మీద కూడా గోధుమరంగు మచ్చలు తేలుతాయి.

ఎండలో పెడితే పైభాగం ఆరుతుంది గానీ అతుకుల లోపలి చెమ్మ పోదు. గాలి రంధ్రాలన్నీ తెరిచి, కొద్దిపాటి బొగ్గుతో సుమారు 120 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక గంట సేపు వట్టి మంట నడపండి. బొగ్గు ఆరి, లోహం గుడ్డతో పట్టుకోగలిగినంత వెచ్చగా ఉన్నప్పుడు లోపలి గోడలకూ జాలీలకూ వేరుశెనగ నూనె పట్టించి, పొడి గుడ్డతో దాదాపు అంతా తుడిచివేయండి. దోసెల పెనం పదును పెట్టినవారికి ఈ కిటుకు కొత్త కాదు: నూనె ఎక్కువైతే గట్టిపడక జిగురుగా మిగిలి, దుమ్మునూ బూజునూ పిలుస్తుంది. తరువాత మళ్ళీ మంట వేసి 130 నుంచి 150 డిగ్రీల వద్ద రెండు గంటలు ఉంచితే ఆ నూనె గట్టి పొరగా మారుతుంది. ఇనుము కదా అని వాడేసిన ఇంజిన్ నూనె రాసే అలవాటు కొందరికి ఉంది. ఆహారం పెట్టే చోట అది పనికిరాదు.

బయట రంగు ఊడి తుప్పు తేలిన చోట్లను 80 నంబరు ఎమరీ కాగితంతోనూ, తరువాత 220 నంబరుతోనూ రుద్ది, నిప్పు పూర్తిగా చల్లారిన మరునాడు థిన్నర్‌తో తుడిచి, అధిక వేడికి తట్టుకునే రంగు వేయండి. ఫైర్‌బాక్స్ లోపల మాత్రం రంగు వద్దు, అక్కడ నూనే చాలు.

మొదటి ఏడాది నేను ఇంత చేసి కూడా ఆ సాయంత్రమే, లోహం వెచ్చగా ఉండగానే టార్పాలిన్ కప్పాను. లోపలి ఆవిరి రాత్రికి నీటి బొట్లుగా మారి, నెల తిరగకముందే మూత అంచు ఎర్రబడింది. కప్పడం, 2014లో హుద్‌హుద్‌ను చూసిన ఊరు కనుక కట్టి ఉంచడం కూడా, తరువాతి పాఠంలో చూద్దాం. అంతవరకూ స్మోకర్‌ను గాలి ఆడే వసారాలో, రెండు ఇటుకల ఎత్తున, మూత కాస్త తెరిచి ఉంచండి. వారం తరువాత మూత కీళ్ళను తెల్లగుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు గోధుమరంగు అంటితే ఆ చోటు వరకు కడగడం నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి.