నీటిలో ఆగిన బండికి సెల్ఫ్ కొట్టకండి: వానాకాలంలో ఇంజిన్ జాగ్రత్తలు

వానలో తడిసినంత మాత్రాన మోటార్ సైకిల్ ఇంజిన్ పాడైపోదు. రోడ్డు మీద నిలిచిన నీటిలో బండి ఆగిపోయినప్పుడు, వెనక నుంచి హారన్లు మోగుతుంటే కంగారులో మళ్ళీ మళ్ళీ సెల్ఫ్ కొట్టడం వల్లనే ఎక్కువగా నష్టం జరుగుతుంది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే వేల రూపాయల ఖర్చు తప్పుతుంది కనుక మిగిలిన జాగ్రత్తలన్నిటికంటే ముందు దీనినే చెబుతున్నాను.

కారణం ఇది. ఇంజిన్ సిలిండర్‌లోకి వచ్చిన గాలిని పిస్టన్ పైకి లేస్తూ నొక్కుతుంది. గాలి నలుగుతుంది, నీరు నలగదు. మనలో చాలామంది నడిపే 100 సీసీ బండిలో పిస్టన్ పూర్తిగా పైకి చేరాక మిగిలే ఖాళీ సుమారు 10 లేదా 11 మిల్లీలీటర్లు మాత్రమే, అంటే రెండు టీ చెంచాలు. అంతకు మించి నీరు లోపలికి చేరిన స్థితిలో సెల్ఫ్ మోటారు ఇంజిన్‌ను బలవంతంగా తిప్పితే పిస్టన్ మధ్యలోనే ఆగిపోయి, దానిని నడిపే కడ్డీ (కనెక్టింగ్ రాడ్) మీద ఒత్తిడి పడుతుంది. ఇంజిన్ నడుస్తుండగానే నీరు చేరితే దెబ్బ ఇంకా గట్టిగా తగిలి ఆ రాడ్ వంగిపోతుంది. అప్పుడు ఇంజిన్ మొత్తం విప్పక తప్పదు.

కాబట్టి బండి నీటిలో ఆగిన వెంటనే తాళం ఆఫ్ చేసి, న్యూట్రల్‌లో పెట్టి, తోసుకుంటూ గట్టు మీదికి చేర్చాలి. గేరులో ఉంచి తోస్తే చక్రంతో పాటు ఇంజిన్ కూడా తిరుగుతుందని మరువకూడదు. మురికి నీటి కింద మ్యాన్‌హోల్ తెరిచి ఉందో లేదో కనిపించదు కనుక, నీరు మోకాలు దాటితే బండిని అక్కడే వదిలి మనిషి బయటపడడమే సరైన పని.

గట్టు మీదికి చేర్చాక మొదట ఎయిర్ ఫిల్టర్ మూత విప్పి చూడాలి. ఫిల్టర్ పొడిగా ఉంటే నీరు సిలిండర్ దాకా వెళ్ళి ఉండకపోవచ్చు. స్పార్క్ ప్లగ్ మీద ఉండే క్యాప్‌లో తేమ చేరి నిప్పురవ్వ పడకపోవడమే బండి ఆగడానికి ఎక్కువగా కారణమవుతుంది. క్యాప్ ఊడదీసి లోపల, బయట పొడిగుడ్డతో తుడిచి, ప్లగ్గు చుట్టూ ఉన్న గుంటలోని నీటిని కూడా తీసేస్తే చాలాసార్లు బండి అందుకుంటుంది. ఫిల్టర్ తడిసి ఉంటే మాత్రం స్టార్ట్ చేసే ప్రయత్నమే చేయకుండా ప్లగ్గు విప్పాలి. తాళం ఆఫ్‌లోనే ఉంచి, ముఖాన్ని పక్కకు తిప్పుకొని, కిక్కును నిదానంగా తొక్కితే లోపలి నీరు ప్లగ్గు రంధ్రం నుంచి చిమ్ముతుంది. కిక్కు లేని బండి అయితే సెంటర్ స్టాండ్ వేసి, పై గేరులో పెట్టి, వెనక చక్రాన్ని చేతితో తిప్పవచ్చు. నీరు రావడం ఆగాక కూడా వెంటనే ప్లగ్గు బిగించకుండా ఇంజిన్ ఆయిల్ చూడాలి. నల్లగానో తేనె రంగులోనో ఉండవలసిన ఆయిల్ పాలు పోసిన టీలా కనిపించినా, మట్టం పెరిగినా అందులో నీరు కలిసిందని అర్థం. అలాంటి ఆయిల్‌తో ఇంజిన్ తిప్పితే బేరింగులు అరిగిపోతాయి. ఆ ఆయిల్ దించేసి, కొత్తది పోసి కొద్ది నిమిషాలు మాత్రమే నడిపి, అదీ దించి మళ్ళీ కొత్తది పోయించాలి. ఒకసారి మార్చి ఊరుకుంటే మూలల్లో మిగిలిన నీరు మళ్ళీ కలుస్తుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్‌లో బండ్లు రోజుల తరబడి నీటిలో మునిగి ఉన్నాయి. అలా పూర్తిగా మునిగిన బండికి ఇంటి వైద్యం పనికిరాదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (కాలుష్య ప్రమాణం) బండ్లలో చాలావాటికి కార్బురేటర్ బదులు ఇంజెక్షన్, సెన్సార్లు, కంప్యూటర్ పెట్టె ఉన్నాయి. తడిసిన కనెక్టర్లకు కరెంటు అందితే అవి పాడవుతాయి. బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీసి, బండిని కదిలించకముందే నీటి మట్టం తెలిసేలా ఫోటోలు తీసి, బీమా సంస్థకు తెలిపిన తరువాతే షెడ్డుకు పంపాలి. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే సొంత బండి నష్టానికి పైసా రాదు. సమగ్ర బీమా ఉన్నవారు కూడా, మునిగిన బండిని స్టార్ట్ చేసి ఇంజిన్ పాడు చేసుకుంటే పరిహారం నిరాకరించే అవకాశం ఉంటుంది కనుక, ఇంజిన్ రక్షణకు విడిగా కవర్ ఉందో లేదో ఇప్పుడే పాలసీ తీసి చూసుకోవడం మంచిది.

రోహిణి కార్తె ఎండలు ఉండగానే చేయించవలసిన పనులు కొన్ని ఉన్నాయి. ప్లగ్ క్యాప్ రబ్బరు పగిలి ఉంటే మార్పించాలి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె మూత, గొట్టాల క్లిప్పులు బిగుతుగా ఉన్నాయో చూడాలి. ప్లగ్గు గుంట నుంచి నీరు జారిపోవడానికి కొన్ని బండ్లలో ఇంజిన్ హెడ్‌లో (సిలిండర్ పై భాగంలో) ఒక సన్నని రంధ్రం ఉంటుంది, అది మట్టితో మూసుకుపోయినా మెకానిక్కు చెబితే తప్ప ఎవరూ పట్టించుకోరు. పెట్రోలు ట్యాంకు మూత చుట్టూ ఉన్న చిన్న రంధ్రానిదీ అదే సంగతి. అది పూడుకుంటే వాన నీరు ట్యాంకులోకి దిగుతుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది నీటిని పీల్చుకుంటుంది. నీరు మోతాదు మించితే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. కార్బురేటర్ బండి అయితే కార్బురేటర్ అడుగునున్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి ఆ నీటిని దించవచ్చు. ఇంజెక్షన్ బండి అయితే ట్యాంకు ఖాళీ చేయించక తప్పదు.

ఇక తప్పనిసరై నీటిలోకి దిగవలసి వస్తే, సైలెన్సర్ చివర మునగని లోతు వరకే వెళ్ళాలి. మొదటి గేరులో, యాక్సిలరేటర్ ఒకే తీరుగా పట్టి, మధ్యలో వదలకుండా దాటాలి. పక్కన బస్సు వెళుతుంటే అది లేపే అల ఎయిర్ ఫిల్టర్ దాకా రావచ్చు కనుక, అది వెళ్ళిపోయే వరకు గట్టు మీదే ఆగాలి.